ముప్పై ఎనిమిది మందీ ఎక్కారు

రేవులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. టికెట్ కిటికీలో కూర్చునే అతని దగ్గర్నుంచి పడవకు తాళ్ళు కట్టేవాళ్ళ దాకా అందరికీ ఆమె లెక్కలక్కే. లైట్‌హౌస్ ఉన్న దీవికి వెళ్ళే పడవలో ఎంతమంది ఎక్కారో, తిరుగు ప్రయాణంలో ఎంతమంది వచ్చారో చూసుకోవడం ఆమె ఉద్యోగం. చెప్పుకోవడానికి చిన్న పనే. కానీ పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదని రేవంతా చెప్పుకునేది. ఆమె కూడా కాదనేది కాదు.

ఆమె లెక్కపెట్టే తీరు వేరు. పడవకూ గట్టుకూ మధ్య వేసిన బల్ల పక్కన నిలబడి, బొటనవేలు వేళ్ళ కణుపుల మీద నడిపిస్తూ, ఎక్కే ప్రతి మనిషికీ ఒక మాట తగిలించేది. "ఒకటి ఎర్రచొక్కా, రెండు బట్టతల, మూడు పిల్లనెత్తుకున్నావిడ, నాలుగు ఆ పిల్ల, అయిదు వక్కపలుకంత ముక్కు..." అని పెదాలు కదుపుతూ ఉంటే ఎక్కేవాళ్ళు నవ్వుకునేవారు. సాయంత్రం దీవి నుంచి బయల్దేరేటప్పుడు అవే ముఖాలు మళ్ళీ ఎదురుపడాలి. పడకపోతే పడవ కదలదు. అందరూ వచ్చాక చుక్కాని దగ్గరున్న ముసలి సరంగు వైపు తిరిగి, "అందరూ ఎక్కారు బాబాయ్, పోనీ!" అని కేకేసేది. ఆయన గంట కొట్టేవాడు. అంతే, ఆ మాటకు పైన ఇంకో మాట ఉండేది కాదు.

ఆ వేసవిలో ముసలి సరంగు పని మానుకున్నాడు. కంపెనీ పాత పడవ తీసేసి కొత్తది కొన్నది. దాంతోపాటు ఎక్కడో దూరం నుంచి కొత్త కెప్టెన్‌ను తెచ్చింది. మనిషి మర్యాదస్తుడు, పనిమంతుడు. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. పైగా కొత్త పడవలో అతను కూర్చునే గది మేడమీద, అద్దాల వెనక. కేకేస్తే వినపడదు. అందుకని లెక్కలక్క చేతికి నల్లటి వైర్‌లెస్ సెట్టు ఒకటి ఇచ్చారు.

మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన గవ్వను అటూఇటూ జరుపుతూ విషయం చెప్పాడు.

"ఇకనుంచి మందిని ఇంగ్లీషులో చెప్పాలమ్మా. మూడు వారాలు టైమిస్తాను. మూడో శనివారం నేనే పడవెక్కి వింటాను. కుదరకపోతే గేటు దగ్గర టికెట్లు చింపే పనికి మారుస్తా. జీతం అదే ఉంటుంది, కంగారు పడకు."

"జీతం సంగతి కాదు సార్," అంది లెక్కలక్క. "టికెట్టు ఎవరైనా చింపుతారు."

"నీకు అంకెలు వచ్చా?"

"వెయ్యి దాకా గడగడా చెప్తాను."

"అంకెలు చాలవు. వాటి పక్కన మాటలు కూడా కావాలి."

"ఆ మాటలు మా ఇంట్లోనే ఉన్నాయి సార్," అని ఆమె లేచి వచ్చేసింది.

ఆమె అన్నది నిజమే. ఆమె ఆడపడుచు మేడమీది గదిలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెప్తుంది. ఒక నల్లబల్ల, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఎప్పుడూ మూతపడని నోరు, ఇవీ ఆ స్కూలు ఆస్తిపాస్తులు. వదిన ఎనిమిదో తరగతితో ఆగిపోయిందని ఆమెకు ఎప్పటినుంచో బాధ. ఇన్నాళ్ళకు చేతికి చిక్కింది కదా అని, ఆ రాత్రి అన్నం తిన్న గిన్నెలు కడుగుతూ ఉండగానే పాఠం మొదలుపెట్టేసింది.

"వదినా, ఇంగ్లీషులో మాటలు జంటలుగా తిరుగుతాయి. ఒకదాని మొగుణ్ణి ఇంకోదానికి కట్టబెట్టావో, విన్నవాళ్ళు నవ్వుతారు. కౌంట్ ఉందనుకో, దాన్ని కీప్ చెయ్యాలి. కీప్ కౌంట్ అంటే వదలకుండా లెక్క పెట్టుకుంటూ పోవడం. మధ్యలో మర్చిపోయావనుకో, లూజ్ కౌంట్."

"లూజంటే పారేసుకోవడం కదే? లెక్కేమన్నా గొడుగా, పారేసుకోవడానికి?"

"మనకు తప్పుతుంది, వాళ్ళు పారేసుకుంటారు. ఎవరి తంటా వాళ్ళది. రాసుకో. హెడ్ కౌంట్ అంటే మనుషుల లెక్క."

"తలల లెక్కన్నమాట. మరి మిగతా ఒళ్ళు ఏం పాపం చేసింది?"

"వదినా!"

"సరే, సరే. తర్వాత?"

"ఒకరు తక్కువైతే వన్ షార్ట్."

"పొట్టివాడొకడు అని కాదు కదా?"

"కాదు. మళ్ళీ లెక్కపెట్టడం డూ అ రీకౌంట్. మొత్తమ్మీద అనడానికి ఇన్ టోటల్. లెక్క సరిపోతే ఇట్ యాడ్స్ అప్. ఎవడైనా చెప్పే కథ నమ్మబుద్ధి కాకపోయినా ఆ మాటే వాడతారు, డజ్ నాట్ యాడ్ అప్ అని."

లెక్కలక్క చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. "ఇది మనకూ ఉందిగా. లెక్క కుదరలేదంటాం. ఆ మాటకొస్తే మన లెక్కకు మాత్రం జంటలు తక్కువా? లెక్కపెట్టడం ఒకటి, లెక్కచెయ్యడం ఇంకొకటి. మీ అన్నయ్య ఇస్త్రీకొట్టులో ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నీ లెక్కపెడతాడు. నా మాట ఒక్కటే లెక్కచెయ్యడు."

"నాకు వినపడుతోంది," అన్నాడు పక్కగదిలోంచి మొగుడు.

"వినపడాలనే అన్నాను."

పాత క్యాలెండర్ కాగితాల వెనక ఆడపడుచు పెద్ద పెద్ద అక్షరాలతో మాటల జంటలన్నీ రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. పాలు తీసినా, పచ్చడి తీసినా లెక్కలక్క ఒక జంటను బయటికి చదవాలి. చదవకపోతే తలుపు తియ్యనియ్యదు. మొగుడు కూడా చల్లటి నీళ్ళకోసం వచ్చి, "గ్రాండ్ టోటల్" అని గొణిగి సీసా తీసుకుపోవడం అలవాటు చేసుకున్నాడు. మెట్లెక్కుతూ అంకెలు, మడతపెట్టిన చొక్కాలు పేర్చుతూ అంకెలు, బస్సులో ఎదుటి సీట్లు చూసి అంకెలు. రెండు వారాలు తిరిగేసరికి లెక్కలక్క నోరు తిరిగింది.

మొదటిసారి సెట్టులో మాట్లాడిన రోజున ఆమెకు చెమటలు పట్టాయి గానీ, మాట తడబడలేదు. "కెప్టెన్, హెడ్ కౌంట్ కంప్లీట్. థర్టీ టూ ఇన్ టోటల్," అంది. పైనుంచి, "వెరీ గుడ్, మేడమ్. థాంక్యూ," అని జవాబు వచ్చింది. తాళ్ళు విప్పేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆమె సెట్టును కొంగులో దోపుకుని, పంతొమ్మిదేళ్ళుగా ఇదే చేస్తున్నట్టు మొహం పెట్టింది.

ఒక్క చిన్న మార్పు వచ్చింది. అది ఆమె కూడా పెద్దగా పట్టించుకోలేదు. ముఖానికో మాట తగిలిస్తూ, అదే సమయంలో ఇంగ్లీషు అంకె చెప్పబోతే రెండూ కలగాపులగం అయ్యేవి. "ట్వంటీ వన్ బట్టతల" అని ఒకసారి పైకే అనేసింది కూడా. అందుకని బట్టతలలూ ఎర్రచొక్కాలూ పక్కన పెట్టింది. ఉత్త అంకెలు మిగిలాయి. అంకెలు మాత్రం అద్దంలా వచ్చేవి.

మేనేజరు పరీక్షకు ఇంకా రెండు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం ఒంటిగంట పడవకు జనం బాగానే వచ్చారు. ఇరవై అయిదో మనిషి ఎక్కాక ఒక పెద్దావిడ బల్ల మీద ఆగింది. అరవై పైబడిన మనిషి. మగవాళ్ళ కాన్వాసు బూట్లు, నెత్తిన టోపీ, ఒక చేతిలో రంగుపెన్సిళ్ళ డబ్బా. భుజానికి పట్టీతో వేలాడేసుకున్న మడతపీట.

"తిరుగు పడవ ఎన్నింటికమ్మా?" అని అడిగింది.

"అయిదుకి పావుగంట ముందండీ. ఆ తర్వాత పోటు తగ్గిపోయి దీవి ఒడ్డుకి పడవ ఆనదు. అక్కడ రాత్రిళ్ళు మనిషనేవాడు ఉండడు. ఫోను కూడా పలకదు."

"నేను బొమ్మ గీస్తూ కూర్చుంటే టైము తెలీదు."

"మరైతే మిమ్మల్ని పిలవడానికి వెంట ఎవరూ రాలేదా?"

"నాకు నేనే వెంట," అని నవ్వి ఆవిడ లోపలికి వెళ్ళింది. లెక్కలక్క బొటనవేలు ముందుకు జరిపింది. "ట్వంటీ సిక్స్."

మొత్తం ముప్పై ఎనిమిది మంది.

సాయంత్రం దీవి దగ్గర గాలి లేచింది. జనం జుట్లు, బుట్టలు, పిల్లల టోపీలు పట్టుకుంటూ గుంపుగా వచ్చి ఎక్కారు. లెక్కలక్క కణుపులు తడుముకుంటూ పెదాలు కదిపింది. "థర్టీ సిక్స్, థర్టీ సెవెన్, థర్టీ ఎయిట్." దారిలో ఇంకెవరూ కనపడలేదు. గడియారం అయిదుకి పావుగంట ముందు చూపిస్తోంది. ఆమె సెట్టు నొక్కి ఎక్కడా ఆగకుండా అప్పజెప్పింది. "కెప్టెన్, హెడ్ కౌంట్ కంప్లీట్. థర్టీ ఎయిట్ ఇన్ టోటల్. ఆల్ ఆన్ బోర్డ్."

"పర్ఫెక్ట్, మేడమ్."

పడవ కదిలింది. శనివారం మేనేజరు ముందు సరిగ్గా ఇలాగే చెప్తే చాలు అనుకుంటూ ఆమె వెనకవైపు బల్ల మీద కూలబడింది. దీవి చిన్నదైపోతోంది. పది నిమిషాలు గడిచాయేమో. ఎదురుగా కూర్చున్న ఒకతను మోచేతి మీద గట్టిపడిన తెల్లరంగును గోటితో గీకుతున్నాడు. పెచ్చులు ఆమె కాళ్ళ దగ్గర పడుతున్నాయి. తీరిగ్గా చూస్తూ ఉన్నదల్లా ఆమె ముందుకు వంగింది.

"ఏమయ్యా, ఎక్కడి రంగు అది?"

"లైట్‌హౌస్‌ది అక్కా. లోపల గోడలన్నీ నేనే వేశాను."

"ఎప్పుడు?"

"మూడు రోజుల నుంచీ. సరుకుల పడవలో వెళ్ళాను. రేపొచ్చి తీసుకెళ్తామన్నారు. పని ముందే అయిపోయింది, ఇంకో రాత్రి ఆ గదిలో దోమలతో ఎందుకులే అని దీన్లో ఎక్కేశాను. కంపెనీ పనే కదా, టికెట్టు అక్కర్లేదనుకున్నా."

లెక్కలక్క తన వేళ్ళ కణుపుల వైపు చూసుకుంది.

ఈ రంగులాయన మధ్యాహ్నం తనతో వెళ్ళినవాడు కాదు. అయినా మొత్తం ముప్పై ఎనిమిదే వచ్చింది. అంటే తనతో వెళ్ళినవాళ్ళలో ముప్పై ఏడుగురే ఇక్కడున్నారు. ఒకరు వెనక ఉండిపోయారు.

ఆమె లేచి నిలబడింది. పడవ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ నడిచింది. ఎర్రంచు చీర ఉంది. కవల పిల్లలున్నారు. చెవిలో దూది పెట్టుకున్నాయన ఉన్నాడు. రెండోసారి తిరిగేటప్పుడు ముఖాలు మానేసి భుజాలు చూసింది. మడతపీట ఏ భుజానికీ లేదు.

వెంట ఎవరైనా వచ్చి ఉంటే ఈపాటికి మా అమ్మ ఏది, మా అత్త ఏదని గొడవ లేచేది. ఒంటరిగా వచ్చిన మనిషికి ఆ గొడవ చేసేవాళ్ళు ఉండరు. ఆవిడకున్నదల్లా లెక్కలక్క లెక్క ఒక్కటే. ఆ లెక్కేమో పర్ఫెక్ట్ అనిపించుకుని కొంగులో కూర్చుంది.

ఏడవడానికి టైము లేదని ఆమెకు తెలుసు. సెట్టు తీసింది.

"కెప్టెన్, స్టాప్. ప్లీజ్ స్టాప్ ద బోట్."

"వాట్ హ్యాపెండ్, మేడమ్?"

"వన్ లేడీ ఆన్ ద ఐలండ్."

సెట్టు గరగరమంది. "యూ సెడ్ థర్టీ ఎయిట్."

"యస్. థర్టీ ఎయిట్."

"నౌ హౌ మెనీ?"

"నౌ ఆల్సో థర్టీ ఎయిట్."

ఇంజను ఆగలేదు. "మేడమ్, ప్లీజ్ డూ అ రీకౌంట్," అన్నాడు అతను, ఓపిగ్గానే. ఫ్రిజ్ తలుపు మీద ఉన్న మాటే. మళ్ళీ లెక్కపెడితే మళ్ళీ అదే వస్తుంది, అక్కడే ఉంది చిక్కంతా. లెక్కలక్క తనకు వచ్చిన జంటలన్నీ గబగబా తిరగేసింది. లెక్క పారేసుకోలేదు. ఒకరు తక్కువ కాదు. కూడిక తప్పలేదు. ఆడపడుచు రాసిన కాగితాల్లో దీనికి సరిపడే మాట లేనే లేదు. లేకపోతే పోనీ. ఆమె సెట్టును నోటికి దగ్గరగా పెట్టుకుని, మేనేజరుతో మాట్లాడేంత నింపాదిగా, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది.

"కెప్టెన్, రీకౌంట్ నో యూజ్. టోటల్ రైట్. పీపుల్ రాంగ్. వన్ న్యూ మ్యాన్ కేమ్. వన్ ఓల్డ్ లేడీ నాట్ కేమ్."

ఇంజను చప్పుడు తగ్గింది. పడవ ముక్కు మెల్లగా పక్కకు తిరగసాగింది.

జనంలో కలకలం లేచింది. సూటుకేసు ఒళ్ళో పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన లేచాడు. "ఏమ్మా, మొత్తం సరిపోయిందని నువ్వే అంటున్నావ్. మళ్ళీ వెనక్కెందుకు? నాకు ఆరున్నరకి రైలుంది."

"మీరు దీవిలో ఉండిపోయి, మీ చోట్లో ఇంకొకరు ఎక్కినా మొత్తం సరిపోతుందండీ," అంది లెక్కలక్క. "అప్పుడు కూడా పోనిమ్మంటారా?"

ఆయన కూర్చున్నాడు. కవల పిల్లల తల్లి తన దగ్గరున్న దుప్పటి తీసి, "ఆవిడకి చలేస్తుందేమో, ఉంచండి," అని ఇచ్చింది.

దీవి దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు బాగా తగ్గిపోయాయి. పాకుడుపట్టిన రాళ్ళు పైకి తేలుతున్నాయి. పడవ ఆనదు. కెప్టెన్ దూరంగానే లంగరు వేయించి, పక్కన కట్టిన చిన్న పడవ దింపించాడు. అద్దాల గదిలోంచి తనే కిందికి వచ్చి, గడియారం చూపించి, "ట్వంటీ మినిట్స్, మేడమ్. నో మోర్," అన్నాడు. ఆమె తలూపింది. తెడ్డు వెయ్యడానికి ఎవరొస్తారని చూసేలోగానే రంగులాయన చిన్న పడవలోకి దూకేశాడు.

"నావల్లే కదక్కా వచ్చింది. పైగా ఆవిణ్ణి చూశాను నేను. లైట్‌హౌస్ వెనక పాత నీళ్ళతొట్టి వైపు మెట్లున్నాయి, అటు వెళ్ళింది. మూడు గంటలప్పుడు."

"నీవల్ల కాదు. ఎక్కేటప్పుడు నీ మొహం చూడాల్సింది నేను. పద."

ఒడ్డున దిగి ఇద్దరూ పరుగులాంటి నడకతో వెళ్ళారు. గాలికి కొత్తరంగు వాసన కొడుతోంది. లైట్‌హౌస్ చుట్టూ తిరిగేసరికి మెట్లు కనపడ్డాయి. వాటిలో ఒకటి విరిగి ఉంది. కింద, ఇసుకలో, మడతపీట మీద పెద్దావిడ కూర్చుని ఉంది. ఒక కాలికి బూటు లేదు, చీలమండ బూరెలా పొంగింది. ఆ కాలు రంగుపెన్సిళ్ళ డబ్బా మీద పెట్టుకుని, ఒళ్ళో అట్ట మీద ఏదో గీస్తోంది.

"వచ్చారా?" అంది తలెత్తి. "వస్తారనుకున్నా. రానూపోనూ టికెట్టు తీసుకున్నాను కదా."

మాట ధైర్యంగానే ఉంది గానీ, కాగితం మీద సముద్రపు గీత పాములా మెలికలు తిరిగింది. లెక్కలక్క మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది.

"పడవ వెళ్ళిపోతుంటే చూశానమ్మా," అంది ఆవిడ, ఈసారి నెమ్మదిగా. "గొంతు చించుకున్నాను. గాలి అటునుంచి కొడుతోంది. ఇంట్లో నాకోసం చూసేవాళ్ళు లేరు. రేపు మధ్యాహ్నం మీ పడవ వచ్చేదాకా ఈ బొమ్మే గీస్తూ కూర్చోవాలని అనుకున్నాను. ఎలా తెలిసింది మీకు?"

"తప్పు నాదండీ. తలలు లెక్కపెట్టాను, మనుషుల్ని చూడలేదు."

"తప్పూ ఒప్పూ ఒడ్డెక్కాక చూసుకుందాం. ముందు ఈ పీట పట్టుకో. ఇది పోతే నాకు కోపం వస్తుంది."

రంగులాయన ఆవిణ్ణి వీపున వేసుకున్నాడు. లెక్కలక్క పీట ఒక భుజానికి, డబ్బా ఇంకో చేతికి తగిలించుకుని వెనకే నడిచింది. పద్దెనిమిదో నిమిషానికి చిన్న పడవ పెద్ద పడవను తాకింది. అందరూ నాలుగువైపుల నుంచీ చేతులు చాచారు. రైలు పెద్దమనిషి తన సూటుకేసును నేలమీద పడుకోబెట్టి, కాలు దానిమీద పెట్టుకోమని ఆవిడకు ఇచ్చాడు.

పడవ కదలబోయే ముందు లెక్కలక్క నడిమధ్యకు వచ్చి నిలబడింది. ఈసారి బొటనవేలు కణుపుల మీద పెట్టి, తన భాషలో, పైకి వినపడేటట్టు మొదలుపెట్టింది. "ఒకటి ఎర్రంచు చీర, రెండు మూడు కవలలు, నాలుగు వాళ్ళమ్మ, అయిదు దూది చెవి..." ఎవరి వంతు వస్తే వాళ్ళు నవ్వుతూ చెయ్యెత్తారు. "...ముప్పై ఏడు రైలాయన, ముప్పై ఎనిమిది మడతపీటావిడ, ముప్పై తొమ్మిది రంగులాయన." ఆ తర్వాతే సెట్టు నొక్కింది. "కెప్టెన్, థర్టీ నైన్ ఇన్ టోటల్. ఎవ్రీ ఫేస్ సీన్."

"థర్టీ నైన్," అన్నాడు పైనుంచి కెప్టెన్. గొంతులో ఊపిరి వదిలిన చప్పుడు కూడా వినపడింది.

మర్నాడు పొద్దున మేనేజరు పిలవకముందే ఆమె అతని గదికి వెళ్ళింది. జరిగింది మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క ఎవరిమీదకీ తొయ్యలేదు. మేనేజరు గవ్వ జరపడం మానేశాడు.

"అంటే నువ్వు లెక్క తప్పావన్నమాట," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "ఇంగ్లీషులో చెప్పు చూద్దాం. శనివారం పరీక్ష ఇవాళే అయిపోతుంది. యూ లాస్ట్ కౌంట్?"

"నో సార్," అంది లెక్కలక్క. "ఐ కెప్ట్ కౌంట్. ఐ లాస్ట్ వన్ లేడీ."

మేనేజరు కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. "ఇంకోసారి ఇలా జరక్కుండా ఏం చెయ్యమంటావు?"

ఆమె ఆలోచించుకునే వచ్చింది. సరుకుల పడవలో దీవికి ఎవరెళ్ళినా ఆ సంగతి ముందు తనకు తెలియాలి. ఒంటరిగా వచ్చినవాళ్ళకు విడిగా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే వాళ్ళు తప్పిపోతే అడిగేవాళ్ళు ఉండరు. మనుషుల్ని చూసేది తన భాషలోనే చూస్తుంది, తేలిన మొత్తాన్ని ఇంగ్లీషులో చెప్తుంది. ఆ నీళ్ళతొట్టి మెట్టు ఇవాళే బాగుచేయించాలి.

"రెండు భాషల్లో ఎందుకమ్మా, ఆలస్యం కదా?"

"రెండు నిమిషాలవుతుంది సార్. నిన్న వెనక్కి వెళ్ళి రావడానికి గంట పట్టింది."

మేనేజరు నాలుగూ రాసుకుని సంతకం పెట్టాడు. రంగులాయనకు మేస్త్రీ చేత చీవాట్లు పెట్టించాడు, ఆవిణ్ణి మోసుకొచ్చినందుకు ఒకరోజు సెలవు కూడా ఇప్పించాడు. టికెట్లు చింపే గేటు ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఇంట్లో ఆడపడుచు కథంతా విని కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న వెంటనే టీచరైపోయింది. "నాట్ కేమ్ కాదు వదినా. డిడ్ నాట్ కమ్."

"నాట్ కేమ్ అంటేనే పడవ తిరిగింది."

"పడవ తిరిగినా, వ్యాకరణం తిరగదు."

"అయితే ఆ ముక్క కూడా కాగితమ్మీద రాసి అంటించు. టోటల్ రైట్, పీపుల్ రాంగ్. దీనికి జంట నేను కట్టాను, మీ ఇంగ్లీషువాళ్ళు వాడుకుంటే వాడుకోమను."

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం, పడవకు ఇంకా జనం రాకముందు, కెప్టెన్ అద్దాల గది దిగి బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న నోటుపుస్తకం, చెవిమీద పెన్సిలు. టోపీ తీసి, ఆమె కణుపుల వైపు వేలు చూపించి, తనకూ అలా నేర్పమని ఇంగ్లీషులో అడిగాడు. ఒకవేళ సెట్టు పాడైతే, కిటికీ తీసి వింటే తనకు అర్థం కావాలి కదా అన్నాడు. ఆ మాట లెక్కలక్కకు తెగ నచ్చింది. అక్కడే తాళ్ళచుట్ట మీద కూర్చోబెట్టింది.

ఎనిమిది దాకా బాగానే వచ్చాడు. తొమ్మిది దగ్గర ఆగి, నాలుకను మడతపెట్టి, "టొమిడీ" అన్నాడు.

"తొ-మ్మి-ది," అంది లెక్కలక్క. "అక్కడ రెండు పెదాలూ ఒకసారి ముద్దుగా మూసుకోవాలి. మళ్ళీ."

"తొమిది."

"దగ్గరికొచ్చావ్. మళ్ళీ."

టికెట్ కిటికీ తెరుచుకుంది. గట్టు మీద మొదటి కుటుంబం గొడుగు మడుచుకుంటూ వస్తోంది. కెప్టెన్ లేచి మేడమీదికి పరిగెత్తాడు, సగం మెట్లమీద ఆగి, వెనక్కి తిరిగి, రేవంతా వినపడేటట్టు "తొమ్మిది!" అని అరిచాడు. తాళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. లెక్కలక్క బల్ల పక్కన నిలబడి, వచ్చేవాళ్ళ ముఖాల కేసి చూస్తూ బొటనవేలు మొదటి కణుపు మీద పెట్టింది.